లచ్చవ్వ పగ్గం

దోహా పక్కన లుసైల్‌లో సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా రాజలింగం వాయిస్ మెసేజి వచ్చింది. "మేడం, కాక పోయిండు. నిన్న పొద్దుగాల ఇంటి ముంగట కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండట. మీకు చెప్పుమని..." అక్కడిదాకా విన్నాను. వెనక బండివాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. ఫోన్ పక్క సీట్లోకి విసిరేశాను. మెసేజి ఇంకా మిగిలే ఉంది, వినే ఓపిక నాకు లేదు. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

ఆయన మీద నా కోపం కొత్తది కాదు. ఎదురుగా ఉన్నన్నాళ్ళూ తిట్టాను. ఊరికి వెళ్ళిపోయాక ఫోన్లో తిట్టాను. ఇప్పుడు తిట్టడానికి మనిషే లేకుండా చేసి పోయాడు. అందుకని కూర్చుని రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. పేరు పెట్టి రాశానని తెలిస్తే పొంగిపోతాడు, అంత సంతోషం ఆయనకి నేనివ్వదలచుకోలేదు.

మాది కృష్ణా జిల్లా. దోహాలో ఒక చిన్న క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా పని చేస్తున్నాను. విరిగి అతికిన చేతులూ కాళ్ళూ మళ్ళీ కదిలేలా చెయ్యడం నా ఉద్యోగం. ఆయన్ని మొదటిసారి వీల్‌ఛైర్‌లో తోసుకొచ్చారు. బక్కపల్చటి మనిషి, తెల్ల మీసం, మోకాలి కింద పొడుగ్గా కుట్లు. రెండు అరచేతులకీ సగం చెరిగిన గోరింటాకు ఉంది. ఆ వయసు మగాడి చేతులకి గోరింటాకేమిటని నాకు నవ్వొచ్చింది.

"ఎవరి పెళ్ళి బాబాయ్?" అన్నాను.

"పెండ్లి గాదు బిడ్డ. లచ్చవ్వ కాళ్ళకు పెట్టిన. నా చేతులకు అంటింది."

భార్య అనుకున్నాను. పెళ్ళాం కాళ్ళకి గోరింటాకు పెట్టే మగాడు మా ఇంట్లో అయితే లేడు. ముచ్చటేసి, ఆవిడ ఇక్కడే ఉంటుందా అని అడిగాను.

"ఇక్కడ్నే, ఉమ్ సలాల్ల, మా అర్బాబ్ ఫారంల. పాదాలు గట్టిగుండాలె గద, ఇసుకల రాళ్ళుంటయి. జింక ఎంబడి ఉరికినప్పుడు కోసుకపోతయి."

"అంటే కుక్కా!"

ఆయన మొహం మాడిపోయింది. "కుక్క అనకు బిడ్డ. సలూకీ."

అర్బాబ్ అంటే యజమాని. సలూకీ అంటే అరబ్బుల వేటకుక్క జాతి. ఆ ఇంట్లో వాళ్ళూ అంతేనట, దాన్ని కుక్క అనరు. వాకిట్లోకి రానివ్వని కుక్క వేరు, తివాచీ మీద ఇంటివాళ్ళ పక్కన పడుకునే సలూకీ వేరు. నాకా తేడా ఎక్కలేదు. నాలుగు కాళ్ళున్నాయి, తోకుంది, మొరుగుతుంది. పైగా చిన్నప్పుడు పిక్క పట్టిన కుక్కొకటి నా కాలి మీద గుర్తు వదిలి పోయింది. ఆ రోజు నుంచి కావాలనే కుక్క అన్నాను. నేనలా అన్న ప్రతిసారీ ఆయన వ్యాయామం ఆపి, వేలు చూపించి, "సలూకీ" అని దిద్దేవాడు. కాలు నొప్పితో కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా సరే, దిద్దందే ఊరుకునేవాడు కాదు.

లచ్చవ్వ ఆయన కన్నతల్లి పేరు. తల్లి పేరు కుక్కకి పెట్టడమేమిటని అడిగితే, "మా అవ్వ గిట్లనే బక్కగుంటుండె, పొడుగు ముక్కు, ఎవ్వరి మాట ఇనకపోతుండె" అన్నాడు. అర్బాబ్ దానికేదో అందమైన అరబ్బీ పేరు పెట్టాడు గానీ ఆ పేరుతో పిలిస్తే అది తల కూడా తిప్పదు. చివరికి అర్బాబే మెట్టు దిగి "లచ్చావా, లచ్చావా" అని పిలిచేవాడట. జగిత్యాల దగ్గర పల్లెటూరి ముసలమ్మ పేరు ఖతర్‌లో ఒక పెద్దింటి మజ్లిస్‌లో, అతిథులు కూర్చునే గదిలో, అలా నలిగింది.

కాలు విరిగిన సంగతి వింటే నాకిప్పటికీ పళ్ళు నూరాలనిపిస్తుంది. బయట ఎడారిలో జింకని వేటాడితే జైలే. అందుకని అర్బాబ్ దుఖాన్ రోడ్డు వైపు తన జాగా చుట్టూ కంచె వేయించి, సొంతంగా జింకల్ని పెంచాడు. చలికాలంలో ఏ శుక్రవారమో ఒక మగజింకని వేరు చేసి వదులుతారు, వెనకాల సలూకీని విడుస్తారు. అలాంటి ఒక రోజున ఈయన పికప్ వెనక నిలబడి లచ్చవ్వని పట్టుకున్నాడు. బండి నడిపింది ఫారం డ్రైవర్ రాజలింగం, ఇప్పుడు నాకు మెసేజి పెట్టినవాడే. బండి ఇసుక దిబ్బ ఎక్కి ఎగిరింది. కుక్కని వదిలేసి కడ్డీ పట్టుకుని ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఈయన కడ్డీని వదిలి కుక్కని పట్టుకున్నాడు. ఇద్దరూ కింద పడ్డారు. కింద ఈయన, పైన అది.

"దాన్ని వదిలేస్తే అది దూకేదిగా? దానికి నాలుగు కాళ్ళున్నాయి. నీకున్నవి రెండు."

"ఏం గాదు బిడ్డ," అన్నాడు. అన్నిటికీ అదే మాట. మోకాలు వంగకపోయినా ఏం గాదు, వాచినా ఏం గాదు. ఆ మాట వినపడితే చాలు, నాకు బీపీ పెరిగేది.

అసలు కంచెలో పెంచి, మేత పెట్టి, దాన్నే తరమడాన్ని వేట అంటారా అని ఒకరోజు నిలదీశాను.

"నీ కోళ్ళ ఫారంల కోడికి ఉర్కే మోకా ఉన్నదా? గీ జింకకు ఉన్నది."

"ఉరికి ఎక్కడికి పోతుంది? చుట్టూ కంచేగా!"

ఆయన మీసం దువ్వుకుంటూ కిటికీలోంచి బయటికి చూశాడు.

పోనీ ఆ అర్బాబ్‌ని తిట్టుకుందామా అంటే అదీ కుదరదు. ఆస్పత్రికి వచ్చాడు, మంచం పక్కన కూర్చున్నాడు, మా క్లినిక్‌కి పంపిందీ ఆయనే. చెడ్డవాడైతే నా కోపానికి ఒక దారి దొరికేది. మర్యాదస్తుడు కావడంతో అదంతా తిరిగి ఈ ముసలాయన మీదికే వచ్చేది.

ఆ ఇంటి పద్ధతి ఒకటుంది. వేటకి సలూకీని విడిచే మనిషి దేవుడి పేరు చెప్పి విడవాలి. ఆ మనిషి ముసల్మాను కావాలి, లేదా దేవుడి గ్రంథం ఉన్న మతస్థుడు, అంటే క్రైస్తవుడో యూదుడో కావాలి. అప్పుడే ఆ మాంసం వాళ్ళు తినొచ్చు. ఈయన హిందువు. అందుకని ఫారం నుంచి దుఖాన్ రోడ్డు దాకా లచ్చవ్వ పగ్గం ఈయన చేతిలోనే ఉంటుంది. జింక కనపడగానే పగ్గం పక్కనున్న ఉస్మాన్ చేతిలోకి మారుతుంది. ఉస్మాన్ సూడాన్ వాడు, ఫారంలో తోటి పనివాడు. అతను బిస్మిల్లా అని విడుస్తాడు. కళ్ళు తెరవని పిల్లగా ఉన్నప్పుడు దూదితో పాలు పట్టి పెంచిన చెయ్యి సరిగ్గా ఆ వేళకి పక్కకి తప్పుకోవాలి.

"నీకు రోషం రాదా బాబాయ్?"

"రోసం ఎందుకు బిడ్డ? మనింట్ల పెండ్లయితె మంత్రం పంతులు జెప్తడు. గంత మాత్రాన పిల్ల పంతులు బిడ్డ అయితదా?"

వాళ్ళ తిండి, వాళ్ళ నియమం. మాకూ మా నియమాలున్నాయి, దాని మీద నాకేం పేచీ లేదు. అంత తేలిగ్గా పక్కకి తప్పుకోగలిగిన ఈ మనిషిని చూస్తేనే నాకు మంట.

ఆయన మంచాన పడ్డాక లచ్చవ్వ మొండికేసింది. ఉస్మాన్ పగ్గం పట్టుకుంటే కూలబడుతుంది. రాజలింగం పిలిస్తే లేవదు. అర్బాబ్ స్వయంగా వస్తే ఆయన పూసుకున్న ఊద్ అత్తరు వాసనకి తుమ్ములే తుమ్ములు. ఈ కబురంతా రాజలింగం ఫోన్లో చెప్పేవాడు, ఈయన బల్ల మీద పడుకుని వినేవాడు. వింటున్నంతసేపూ నేను చెప్పిన పని మర్చిపోయేవాడు.

"ఎవ్వరి చేతికి రాకపోతె షెడ్ల కట్టేసి ఉంచుతరు బిడ్డ. దాన్ని కట్టేస్తె సచ్చిపోతది," అన్నాడొకసారి. "అర్బాబ్ నన్ను ఇగ ఇంటికి పొమ్మన్నడు. గీ కాలుతోటి ఫారం పని కాదు గద, తప్పేం లేదు. కానీ పోయేటందుకు ముందు ఒక్కసారి దాంతోటి వేటకు పోవాలె. దానికి గుడ వచ్చేదే ఆఖరు చలికాలం. ముసల్దయింది."

"నడుస్తావు. మెట్లు ఎక్కుతావు. ఇసుకలో మాత్రం అడుగు పెట్టవు. పరుగు మాట ఈ జన్మకి ఎత్తకు," అన్నాను. ఆయన బుద్ధిగా తలూపాడు. ఆ తలూపడం చూసే నాకు అనుమానం రావలసింది.

మా దగ్గర కాలి వ్యాయామానికి రబ్బరు పట్టీలుంటాయి. పాదానికి తగిలించి అటు చివర మేం పట్టుకుంటే రోగి ఇటు లాగాలి. ఈయనకి రబ్బరు పనికిరాలేదు. వాసన పడదన్నాడు, జారుతుందన్నాడు. మర్నాడు సంచిలోంచి ఒక తోలు పగ్గం తీశాడు. పాతది, నూనె పట్టి నల్లబడింది, కుక్క కంపు. "గిది గట్టిగుంటది" అన్నాడు. పోనీలే, ఏదో ఒకటి, కాలు కదిలితే చాలనుకున్నాను. గ్లౌసులు వేసుకుని పట్టుకోబోతే, "గ్లౌసులు తియ్యి బిడ్డ, పట్టు దొరకది" అన్నాడు. తీశాను. ఆ చలికాలం వచ్చేదాకా వారం వారం ఆ కంపు పగ్గం అటు చివర నేను, ఇటు చివర ఆయన కాలు. సబ్బుతో ఎంత రుద్దినా చేతులు ఆ వాసన వదిలేవి కావు. భోజనం చేస్తుంటే ముద్దలో కూడా అదే. పని అయ్యాక ఆయన పగ్గాన్ని జాగ్రత్తగా చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి ముడివేసి పట్టుకెళ్ళేవాడు. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

కాలు బాగుపడింది. ఆ మాట గర్వంగానే చెబుతాను, అది నా పని. కర్ర లేకుండా నడిచాడు. చలి మొదలైంది. ఒక గురువారం ఆయన క్లినిక్‌కి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. రాజలింగానికి చేస్తే నీళ్ళు నమిలి, నమిలి, "రేపు దుఖాన్ రోడ్డుకు పోతున్నం మేడం" అన్నాడు.

ఇక్కడ మాకు చర్చి శుక్రవారమే. ఆరాధన అయిందో లేదో, చర్చికి కట్టుకున్న తెల్ల చీరతోనే కారెక్కాను. రాజలింగం పంపిన లొకేషన్ పట్టుకుని వెళ్ళేసరికి కంచె లోపల బళ్ళున్నాయి, గుడారం ఉంది, గహ్వా, అదే అరబ్బీ కాఫీ, కాగుతోంది. ఈయన ఇసుకలో నిలబడి ఉన్నాడు. ప్యాంటు మీద నేనిచ్చిన మోకాలి పట్టీ. పక్కన పొడుగు ముక్కు, పొడుగు చెవులు, ఎముకలు లెక్కపెట్టగలిగేంత బక్కగా, ఎర్రటి పాదాలతో లచ్చవ్వ.

తిట్టాను. తెలుగులో ఆయన్ని, హిందీలో అర్బాబ్‌ని. అర్బాబ్ లేచి నిలబడి విన్నాడు. "నేను వద్దనే అన్నాను సిస్టర్. ఊరికే పక్కన నిలబడతానని బతిమాలాడు" అన్నాడు. ఉస్మాన్ సెలవు మీద ఊరికెళ్ళాడట. మరి ఎవరు విడుస్తారని అడిగాను. రాజలింగం తల దించుకున్నాడు. ఈయన సంచి ముడి విప్పి, ఆ తోలు పగ్గం తీసి, లచ్చవ్వ మెడకి తగిలించి, ఇటు చివర నా చేతిలో పెట్టాడు.

"నువ్వు గ్రంథమున్నోళ్ళ పిల్లవు గద బిడ్డ. నువ్వు విడిస్తె చెల్లుతది."

అర్బాబ్ నన్ను కాస్త ఆశ్చర్యంగా చూసి, "మసీహీ?" అన్నాడు. అవును, క్రైస్తవురాలినే అన్నాను, అబద్ధం చెప్పలేను కదా. "మాఫీ ముష్కిల్," అన్నాడు, ఏం ఫరవాలేదని.

లచ్చవ్వ నా చెయ్యి వాసన చూసింది. ఎవరు పట్టుకున్నా కూలబడే కుక్క లేచి వచ్చి నా మోకాలికి ఒంటిని ఆనించి నిలబడింది. అప్పుడు తెలిసింది నాకు గ్లౌసులు ఎందుకు తీయించాడో, ఆ సంచికి ముడి ఎందుకు వేసేవాడో. నేను ఆయన కాలికి వైద్యం చేస్తున్నాననుకున్నాను. ఆయన నా చేతి వాసన మూటగట్టి ఫారానికి తీసుకెళ్ళి కుక్కకి అలవాటు చేస్తున్నాడు.

నన్నొక మాట అడగకుండా! దీనికి మించిన దొంగతనం ఉంటుందా?

పగ్గం ఆయన మొహాన కొట్టి రావలసింది. కానీ ఆయన నా వైపు చూడటం లేదు, దాని వైపు చూస్తున్నాడు. దూరంగా జింకని వదిలారు. లచ్చవ్వ ఒళ్ళంతా వణుకుతోంది, ఆ వణుకు తోలు పగ్గంలోంచి నా వేళ్ళలోకి వస్తోంది.

"ఒక్క అడుగు కదిలావంటే చూడు. ఒట్టు వెయ్యి," అన్నాను.

"అవ్వ మీద ఒట్టు," అన్నాడు.

"ఏ అవ్వ మీద?"

ఆయన నవ్వాడు. నాకు నషాళానికి అంటింది. "దేవా, ఈ ముసలాయనతో నాకేమిటయ్యా ఈ గోల!" అని అరిచి పగ్గం వదిలేశాను. దేవుడి పేరు చెప్పి విడిచానని అర్బాబ్ తృప్తిగా తలూపాడు.

చూసినదాని గురించి అబద్ధం చెప్పను. జింక చావడం నాకు ఇష్టం లేదు, అయినా ఆ పరుగు బాగుంది. ముసలిదన్నారే, దాని కాళ్ళు నేలకి ఆనినట్టే లేదు. జింక తిరిగిన చోటల్లా అదీ తిరిగింది. నేను నోరు తెరుచుకుని చూస్తుండగా నా పక్క ఖాళీ అయింది. "ఉర్కు లచ్చవ్వా! ఉర్కు!" అని అరుస్తూ ఈయన ఇసుకలో పరుగెత్తుతున్నాడు. దాన్ని పరుగు అనడానికి లేదు. ఒక కాలు వేస్తున్నాడు, ఒక కాలు ఈడుస్తున్నాడు, చేతులు మాత్రం గాల్లో ఉన్నాయి. ఎంతో దూరం పోలేదు. మోకాలు పక్కకి తిరిగి బోర్లా పడ్డాడు.

నేను వెళ్ళేసరికి మొహం నిండా ఇసుక. "పట్టిందా?" అన్నాడు. అది పట్టింది. అర్బాబ్ బండి అప్పటికే అక్కడికి చేరింది. నేను మాత్రం ఆ మోకాలి మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. నా చేతి కిందే అది వాస్తోంది. నెలల తరబడి నేను చేసిందంతా పోయింది. ఆయన ఇసుక ఉమ్ముకుంటూ పగలబడి నవ్వుతున్నాడు.

విడిచిన మనిషి వాటా అని అర్బాబ్ మా ఇంటికి జింక తొడ పంపాడు. నేను ముట్టుకోలేదు. మా ఆయన కారం దట్టించి వండుకుని తిని, బాగుందన్నాడు. దానికి ఆయనతోనూ వారం మాట్లాడలేదు.

ఈయన మళ్ళీ కర్ర పట్టుకున్నాడు. ఊరికి వెళ్ళే ముందు క్లినిక్‌కి వచ్చి బల్ల మీద కాసేపు కూర్చున్నాడు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన మనిషితో నాకు మాటలేమిటని నేను తలెత్తలేదు. వెళ్ళిపోయాక చూస్తే బల్ల మీద పగ్గం ఉంది. మర్చిపోయాడనుకున్నాను. వెంటనే ఫోన్ చేశాను, ఎత్తలేదు.

ఆయన విమానం ఎక్కిన కొద్ది రోజులకి అర్బాబ్ దగ్గర్నుంచి ఫోన్. లచ్చవ్వ షెడ్‌లోంచి లేవడం లేదు, తిండి ముట్టడం లేదు, ఎవరి చేతికీ రావడం లేదు. "ఒక్కసారి రండి సిస్టర్." ఒక్కసారే అనుకుని ఆ పగ్గం పట్టుకుని వెళ్ళాను. నా చెయ్యి వాసన చూసి లేచింది. తోటంతా తిప్పుకొచ్చాను. పాలు తాగి ఖర్జూరాలు తింది. ఆ తర్వాత నుంచి ప్రతి శుక్రవారం చర్చి అయ్యాక ఉమ్ సలాల్ వెళ్ళడం నా పని అయిపోయింది. కుక్కంటే గిట్టని దాన్ని, కుక్కని తిప్పుతున్నాను. మొన్న చలికి దాని కాళ్ళకి గోరింటాకు కూడా నేనే పెట్టాను. నా చేతులు పండాయి. చర్చిలో అందరూ ఎవరి పెళ్ళి అని అడిగారు.

వేట ఒక్క రోజుది. దానికోసం అన్ని నెలలు పగ్గం మొయ్యనక్కర్లేదని అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఫోన్లో పట్టుకున్నాను. "నీకు ముందే తెలుసు కదా? దీన్ని నాకు అంటగట్టడానికే కదా ఆ నాటకమంతా? అడగొచ్చు కదా మనిషిని?"

"అడిగితె ఒప్పుకుంటుంటివా బిడ్డ?"

ఒప్పుకునేదాన్ని కాదు. ఆ మాట ఆయనకి చెప్పలేదు, ఇంకో నాలుగు తిట్టాను. అన్నీ విని, "ఏం గాదు బిడ్డ. నడుసుడు నీకు సుత మంచిదే" అన్నాడు.

సిగ్నల్ దాటాక కారు ఇంటి వైపు తిప్పలేదు. లుసైల్ నుంచి ఉమ్ సలాల్ దగ్గరే. శుక్రవారం కాని రోజు నన్ను చూసి లచ్చవ్వ తడబడింది. లేవడానికి దానికిప్పుడు కాస్త సమయం పడుతుంది. దాని పక్కన నేల మీద కూర్చుని మెసేజిలో మిగిలిన ముక్క పెట్టాను.

"...మీకు చెప్పుమని వాళ్ళింట్ల అన్నరు. మొన్న నేను ఫోన్ చేస్తె గుడ మీ ముచ్చటే అడిగిండు మేడం. మేడం ఇంక కుక్క అంటున్నదా, సలూకీ అంటున్నదా అని. నాకేం ఎర్క, నువ్వే అడుగు అన్న. సరే, వచ్చే శుక్రారం నేనే ఫోన్ చేసి అడుగుత అన్నడు."

లచ్చవ్వ నా మోకాలికి ఆనుకుంది. నాకు అప్పుడు వచ్చింది ఏడుపు. కోపం మాత్రం అలాగే ఉంది.

కుక్కే అంటున్నాను బాబాయ్. ఎవరడిగినా కుక్క అనే చెబుతున్నాను. ఒట్టు వేసి తప్పినవాడివి, ఈ ఒక్క మాటైనా నిలబెట్టుకో. శుక్రవారం ఫోన్ చేసి దిద్దు.